చిన్న బ్యాచ్ బీరుకి లిక్విడ్ ఈస్ట్: ఒక్క ప్యాక్‌ని మళ్లీ మళ్లీ వాడటం

ఇంట్లో నాలుగైదు లీటర్లే కాచేవాళ్లకి లిక్విడ్ ఈస్ట్ ఖరీదెక్కువే, కానీ ఒక ప్యాక్ మామూలుగా 19-20 లీటర్లకి లెక్కేసి చేసేది, మీకు అందులో పావు వంతు చాలు.

ఎంచుకునేటప్పుడు రుచి వర్ణనలు చూసి మురిసిపోకండి. ముందు మీ గది వేడి చూసుకోండి: ఏల్ (మామూలు గది వేడిలో పులిసే బీరు) రకాల్లో చాలావాటికి 18-22 డిగ్రీలు కావాలి, లాగర్‌కి (చల్లగా పులిసే బీరు) 10-13 దగ్గర, కాబట్టి చల్లబరిచే ఏర్పాటు లేకపోతే లాగర్ జోలికి పోవద్దు. క్వైక్ (నార్వే సంప్రదాయ ఈస్ట్) అయితే 30 దాటినా హాయిగా పనిచేస్తుంది. ప్యాక్ మీద తేదీ పాతదైతే స్టార్టర్, అంటే ఈస్ట్‌ని ముందుగా కాస్త మాల్ట్ నీళ్లలో పెంచుకోవడం, తప్పదు.

దాచుకోవడానికి నాకు నచ్చిన పద్ధతి స్టార్టర్ కాస్త ఎక్కువ చేయడం. లీటరు నీళ్లకి 100 గ్రాముల డ్రై మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం పొడి) కలిపి, పది నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లారాక ఈస్ట్ వేసి, ఒకటి రెండు రోజులు అప్పుడప్పుడూ కుదుపుతూ ఉండండి. సగం బీరులోకి, మిగతాది శానిటైజ్ చేసిన సీసాలో ఫ్రిజ్‌లోకి. మూత మాత్రం బిగించకండి, లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, గాజు పగిలిందంటే మామూలు గోల కాదు. కొన్నాళ్లకి అడుగున మీగడ రంగులో చిక్కటి ఈస్ట్ పొర, పైన తేటగా ద్రవం కనిపిస్తాయి. వాడే రోజు పైది వంపేసి, అడుగుది వేయాలి.

ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) అడుగు మడ్డి కూడా పనికొస్తుంది, రెండు వారాల్లోపు వాడితే మంచిది. బాగా స్ట్రాంగ్ బీరుదీ, హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు) దండిగా పడినదీ మాత్రం వదిలేయండి. పుల్లటి వాసనో, కుళ్లు వాసనో వస్తే ఆలోచించకుండా పారబోయండి.