నగరంలో సామాన్యుడికి ఇల్లు అందాలంటే జనాన్ని కూడగట్టడం ఎలా?

అద్దె పెరిగిందన్న కోపంలో పుట్టే సంఘాలు చాలావరకు ఒకే తీరుగా మొదలవుతాయి. ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూప్ పెడతారు. రెండు రోజుల్లో మూడొందల మంది చేరిపోతారు. ఆదివారం మీటింగ్ అంటే అందరూ సరేనంటారు, తీరా వచ్చేది పన్నెండు మంది. మూడో మీటింగ్‌కి ఆ పన్నెండు మందీ ఐదుగురవుతారు. గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు మాత్రం ఆగవు.

ఇందులో జనం తప్పేం లేదు. గ్రూప్ పెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ చేయలేదు. ఆ పని ఏమిటో ముందుగా చూద్దాం.

ముందు తలుపు తట్టండి

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915లో, గ్లాస్గోలో ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనికోసం కార్మికులు వెల్లువలా వచ్చిపడ్డారు. మగవాళ్లు చాలామంది యుద్ధంలో ఉన్నారు. ఇదే అదనుగా ఇంటి ఓనర్లు అద్దెలు పెంచేశారు. మేరీ బార్బర్ అనే గృహిణి, ఆమెలాంటి మరికొందరు ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి సంఘం కట్టారు. ఖాళీ చేయించడానికి కోర్టు మనుషులు వస్తే ఒకామె గంట కొట్టేది. మిగతావాళ్లు చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చి దారికి అడ్డంగా నిలబడేవాళ్లు. నవంబర్ నాటికి దాదాపు 20,000 మంది అద్దెదారులు ఆ సమ్మెలో ఉన్నారు. ఆ ఏడాది ముగిసేలోపే బ్రిటన్ పార్లమెంటు అద్దెలను 1914 ఆగస్టు నాటి స్థాయి దాటకుండా ఆపేస్తూ చట్టం చేసింది.

గంట మోగగానే పరుగెత్తుకొచ్చారంటే, దాన్ని కొడుతున్నది ఎవరో వాళ్లకు తెలుసు కాబట్టే. అంతకుముందు ఎన్నో సాయంత్రాలు ఆమె వాళ్ల గుమ్మాల్లో నిలబడి మాట్లాడి ఉంటుంది.

మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇద్దరిద్దరుగా, జనం పనుల నుంచి ఇంటికి చేరే వేళ చూసుకుని వెళ్లండి. మాటలు ఇలా సాగనివ్వండి:

"నమస్తే అమ్మా, మేం పక్క బ్లాకులో ఉంటాం. అద్దెల గురించి అందరితో మాట్లాడుతున్నాం. మీరు ఈ ఇంట్లో ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు?"

"తొమ్మిదేళ్లవుతోంది."

"వచ్చినప్పటికీ ఇప్పటికీ అద్దె ఎంత పెరిగిందండీ?"

ఆమె కాసేపు ఏమీ అనదు. లోపలికి వెళ్లి అట్ట చిరిగిన డైరీ ఒకటి తెస్తుంది. ప్రతి నెలా తేదీ, దాని పక్కన అంకె, దాని పక్కన "ఇచ్చాను" అన్న మాట. రసీదు అన్నది ఒక్కటీ లేదు. "అడిగితే ఖాళీ చేయమంటారేమోనని అడగలేదు" అంటుంది.

కొత్తగా తిరగడం మొదలుపెట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు. రసీదు మీ హక్కు అంటూ చట్టం చెప్పడం మొదలుపెడతారు. ఆమె తల ఊపి తలుపు వేసుకుంటుంది. పాఠం చెప్పకండి, ఇంకో ప్రశ్న అడగండి. "మళ్లీ పెంచితే ఏం చేద్దామనుకుంటున్నారు?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులోనే అసలు విషయం ఉంటుంది. పిల్ల స్కూలు మార్చాలనో, పని చేసే చోటికి రెండు బస్సులు మారాలనో చెబుతుంది. అది విన్నాక ఒక చిన్న పని అప్పజెప్పండి. "గురువారం సాయంత్రం ఏడింటికి నలుగురం కూర్చుంటున్నాం. పై అంతస్తులో ఉండేవాళ్లను మీరు తీసుకురాగలరా?" సంతకం పెట్టినవాళ్లు యాభైమంది ఉన్నా, పక్కింటివాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఒక్క మనిషికి సాటిరారు. రేపు మీ సంఘాన్ని నిలబెట్టేది అలాంటివాళ్లే.

బయటికి రాగానే, మెట్లు దిగకముందే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఎన్నాళ్లుగా ఉంటున్నారు, అద్దె ఎంత, దేనికి భయపడుతున్నారు, ఆ బ్లాకులో ఎవరి మాట నలుగురు వింటారు. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఆ పుస్తకం ఇద్దరి దగ్గరే ఉండాలి. పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టారో, మర్నాటికల్లా ఓనర్ ఫోన్‌లో ఉంటుంది.

లెక్క మీ చేతిలో ఉండాలి

ముంబైలో పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్లను ఇవాళ ఉండి రేపు పోయే మనుషులుగానే నగరం చూసేది. 1985లో స్పార్క్ అనే సంస్థ, అక్కడి కుటుంబాలు కలిసి తామే లెక్క తీశాయి. సుమారు 6,000 కుటుంబాల వివరాలు రాశారు. చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నారని, నగరానికి కావాల్సిన పనులే చేస్తున్నారని ఆ లెక్కలో తేలింది. అప్పటిదాకా ఏ జాబితాలోనూ లేనివాళ్లు అధికారుల ముందు కాగితం పెట్టి మాట్లాడారు. ఆ లెక్క తీయడంలోనే ఆడవాళ్లు ఒకరికొకరు పరిచయమై, తర్వాత మహిళా మిలన్ అనే సంఘంగా నిలబడ్డారు. సర్వే వల్ల అంకెలు ఎలాగూ వస్తాయి, మనుషులు కూడా కలుస్తారు. అందుకే ఈ పనిని డబ్బిచ్చి బయటివాళ్లతో చేయించకండి.

లెక్క తీసేటప్పుడు ఒక మాట దగ్గర జాగ్రత్త. "అందుబాటు ధర" అని ప్రభుత్వం అన్నా, బిల్డర్ అన్నా, ఎవరికి అందుబాటు అని అడగాలి. చాలాచోట్ల వాడుకలో ఉన్న కొలత ఏమిటంటే, ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటకూడదు. ఇంగ్లండులో 2011లో వచ్చిన పథకంలో మార్కెట్ అద్దెలో 80 శాతం వరకు ఉన్నా దాన్ని అందుబాటు అద్దె కిందే లెక్కేశారు. మార్కెట్టే ఆకాశంలో ఉంటే అందులో 80 శాతం కూడా ఆకాశంలోనే ఉంటుంది. మీ నోట్‌బుక్‌లోని కుటుంబాల ఆదాయాలు తీసుకుని, అందులో 30 శాతం ఎంతో లెక్కేయండి. మీ డిమాండ్ ఆ అంకె మీద నిలబడాలి.

ఆ పని ఎవరి సంతకంతో అవుతుంది?

ఉద్యమాలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. బెర్లిన్ రాష్ట్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో అద్దెలకు సీలింగ్ పెట్టింది. ఏడాది తిరగ్గానే, 2021 ఏప్రిల్‌లో, జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. అద్దె పెంచడం న్యాయమా కాదా అన్న చర్చలోకి కోర్టు పోలేదు. ఆ చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదు, కేంద్రానిదే అని తేల్చింది. ఆ ఏడాది తక్కువ అద్దె కట్టినవాళ్లలో చాలామంది తేడా సొమ్ము తిరిగి కట్టాల్సి వచ్చింది.

కాబట్టి డిమాండ్ రాసే ముందు ఒక వకీలును పట్టుకుని మూడు విషయాలు తేల్చుకోండి: ఇది నగరం చేతిలో ఉందా, పై ప్రభుత్వం చేతిలో ఉందా, ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుంది, ఏ నెలలో నిర్ణయం అవుతుంది. భవన నిబంధనలు, ఖాళీ ప్రభుత్వ స్థలాలు, కొత్త ప్రాజెక్టుల్లో పేదలకు వాటా, ఇవి చాలాచోట్ల నగరం పరిధిలోనే ఉంటాయి. అద్దె చట్టాలు, పన్నులు తరచుగా పైన ఉంటాయి. బడ్జెట్ పాసైపోయిన వారానికి వినతిపత్రం తీసుకెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు.

ఆరు నెలల్లో గెలవగలిగేది ఒకటి, పదేళ్లు పట్టేది ఒకటి పెట్టుకోండి. రాతపూర్వక రసీదు తప్పనిసరి చేయడం, ఖాళీ చేయమనే ముందు ఇంత గడువు ఇవ్వాలనడం మొదటి రకం. రెండో రకానికి వియన్నాను చూడొచ్చు. ఇల్లు ఎంత విలాసంగా ఉంటే అంత ఎక్కువ పన్ను పడేలా 1923లో ఆ నగరం ఇళ్ల మీద పన్ను వేసింది. ఆ డబ్బుతో 1934 లోపు 60,000 పైగా ఫ్లాట్లు కట్టింది. ఇవాళ అక్కడ జనాభాలో దాదాపు సగం మంది నగరం కట్టినవో, లాభం మీద పరిమితి ఉన్న సంస్థలు కట్టినవో అయిన ఇళ్లలో ఉంటున్నారు. పెద్ద కోరిక ఒక్కటే ఉంటే జనం అలసిపోతారు, చిన్న కోరిక ఒక్కటే ఉంటే అది తీరగానే ఇంటికెళ్లిపోతారు.

మీటింగ్, పెత్తనం

మీటింగ్ గంటకు మించొద్దు. పిల్లలను చూసుకోవడానికి ఒకరిని పెట్టండి, లేకపోతే తల్లులు రారు. వచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒక పని ఒప్పుకుని వెళ్లాలి. నెలకు ఎంత చిన్న మొత్తమైనా సరే చందా పెట్టండి. డబ్బు కట్టిన మనిషి లెక్క అడుగుతాడు, లెక్క అడిగే మనిషి మీటింగ్‌కి వస్తాడు.

పెత్తనం ఎవరిదన్నది మొదటి రోజే తేలాలి. బోస్టన్‌లో డడ్లీ స్ట్రీట్ ప్రాంతాన్ని బాగుచేయడానికి 1984లో ఒక ప్రయత్నం మొదలైంది. బోర్డులో ఎక్కువ సీట్లు సంస్థలకే పెట్టి ప్లాన్ చూపిస్తే, ఈ మనుషులెవరు, ఇక్కడ ఎంతమంది ఉంటున్నారు అని కాలనీవాళ్లు తిరగబడ్డారు. బోర్డులో నివాసులకే మెజారిటీ వచ్చేలా మార్చుకున్నారు. 1988లో అదే సంఘం, ఖాళీగా పడివున్న ప్రైవేటు స్థలాలను సేకరించే అధికారాన్ని నగరం నుంచి సంపాదించింది. ఆ భూమిని ట్రస్టు పేర ఉంచి, ధర చేయిదాటకుండా ఇళ్లు కట్టించింది. బయటి సంస్థలు, లాయర్లు, చదువుకున్న యువకులు సాయం చేయొచ్చు. మైకు మాత్రం అద్దె కట్టేవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఒత్తిడి మెట్టు మెట్టుగా

మొదటి రోజే ధర్నాకు దిగితే తర్వాత చేయడానికి ఏమీ మిగలదు. ముందు ఉత్తరం, అందులో జవాబుకు తేదీ. జవాబు రాకపోతే పదిమంది వెళ్లి కలవడం. అప్పటికీ కదలకపోతే కౌన్సిల్ బహిరంగ విచారణ, ఆ తర్వాతే ఊరేగింపు.

విచారణలో మాట్లాడటానికి మూడు నిమిషాలో, ఐదు నిమిషాలో ఇస్తారు. రెండు నిమిషాలు కృతజ్ఞతలకే పోగొట్టుకునేవాళ్లను ఎంతమందినో చూడొచ్చు. ముందు రోజు రాత్రి గడియారం పెట్టుకుని సాధన చేయించండి. ఆ డైరీ రాసుకున్న ఆమే మాట్లాడాలి. డైరీ తెరిచి మొదటి పేజీలో అంకె, చివరి పేజీలో అంకె చదవాలి. తన జీతం చెప్పాలి. "నాకు కావాల్సింది ఫలానా తీర్మానం, మీ ఓటు ఎటు?" అని పేరు పెట్టి అడిగి కూర్చోవాలి. గదిలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని మీరే మాట్లాడి చెడగొట్టకండి.

అద్దె సమ్మె మాట ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. గ్లాస్గో కథ విన్నాక మరీనూ. వకీలు సలహా లేకుండా దాని జోలికి పోవద్దు. చాలాచోట్ల అద్దె ఆపడమే ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. చట్టం ఒప్పుకునే చోట కూడా ఆ డబ్బును ఖర్చు పెట్టకుండా విడిగా ఖాతాలో ఉంచాలి, బ్లాకులో దాదాపు అందరూ కలిసి రావాలి. పదిమందిలో నలుగురే ఆపితే నోటీసు వచ్చేది ఆ నలుగురికే.

ఎదుటివాళ్ల ప్రశ్నలో నిజం ఉంటే ఒప్పుకోండి

"అద్దెకు హద్దు పెడితే ఇళ్లు ఎవరు కడతారు?" అని అడుగుతారు. దీన్ని ఓనర్ల సాకు అని కొట్టిపారేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో అద్దె నియంత్రణను పాత చిన్న భవనాలకూ విస్తరించారు. దాని ఫలితాన్ని తర్వాత లెక్కగట్టిన ఆర్థికవేత్తలకు రెండూ కనిపించాయి. అద్దెదారులు ఉన్నచోటే ఉండగలిగారు. మరోపక్క ఆ నిబంధన కిందికి వచ్చిన ఓనర్లు అద్దెకిచ్చే ఇళ్లను 15 శాతం తగ్గించుకున్నారు. అమెరికాలోనే సెయింట్ పాల్ నగర ఓటర్లు 2021లో అద్దె పెంపును ఏడాదికి 3 శాతానికి కట్టేశారు, కొత్త భవనాలతో సహా. నిర్మాణ అనుమతులు పడిపోవడంతో, మరుసటి ఏడాదే కౌన్సిల్ కొత్త ఇళ్లకు 20 ఏళ్ల మినహాయింపు ఇచ్చింది.

నా మటుకు నాకు, హద్దు ఒక్కటే అడగడం పొరపాటు. ఉన్నవాళ్లను కాపాడే నిబంధన, కొత్త ఇళ్లు కట్టించే మార్గం, రెండూ ఒకే కాగితంలో ఉండాలి. ఒకే ఇల్లు అద్దెకిచ్చి ఆ డబ్బుతో బతికే ముసలివాళ్లనూ, వందల ఫ్లాట్లున్న కంపెనీనీ ఒకే గాటన కట్టకండి. మొదటివాళ్లు మీతో కలిసొచ్చే అవకాశం ఉంది. వాళ్ల తలుపూ తట్టండి.

గెలిచాక

బెర్లిన్‌లోనే 2021 సెప్టెంబర్‌లో పెద్ద కంపెనీల ఫ్లాట్లను ప్రజల పరం చేయాలా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 59 శాతం పైగా అవునన్నారు. కానీ ప్రభుత్వం పాటించి తీరాలన్న కట్టుబాటు అందులో లేదు. నిపుణుల కమిటీ వేశారు, అది సాధ్యమేనని 2023లో కమిటీ చెప్పింది కూడా. ఫ్లాట్లు మాత్రం కంపెనీల దగ్గరే ఉన్నాయి.

అందుకని డిమాండ్‌లోనే రాయించండి: అమలు చేసే అధికారి ఎవరు, ఏ తేదీలోగా, ఉల్లంఘిస్తే జరిమానా ఎంత, పర్యవేక్షణ కమిటీలో అద్దెదారులకు ఎన్ని సీట్లు. తీర్మానం పాసైన రోజు దండలు, ఫోటోలు ఎలాగూ ఉంటాయి. ఆ వారంలోనే ఒక పేజీలో పెద్ద అక్షరాలతో కొత్త నిబంధన అచ్చు వేయించి, పాత నోట్‌బుక్ తీసుకుని మళ్లీ అవే మెట్లెక్కండి. డైరీ ఉన్న ఇంటి దగ్గర ఆగి, ఈ నెల అద్దెకు రసీదు ఇచ్చారా అని అడగండి. ఇవ్వలేదంటే ఫిర్యాదు కాగితం అక్కడే కూర్చుని నింపండి.