వృద్ధాశ్రమంలో పూలతోటకు వాలంటీర్లను ఎలా కూడగట్టాలి?

వృద్ధాశ్రమంలో తోట మొదలుపెట్టే రోజున మనుషులకు కొరత ఉండదు. బ్యానర్ కట్టి, కొబ్బరికాయ కొట్టి, తలా ఒక మొక్క నాటి, పెద్దవాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి ఫోటోలు దిగి వెళ్ళేవారు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు. ఆ మొక్కలు మరుసటి ఏడాది మే నెల దాటి బతకాలంటే కావలసిన మనుషులు వేరు, వారిని వెతికే పద్ధతి వేరు. చాలా తోటలు ఎండిపోయేది ఈ తేడా గుర్తించకపోవడం వల్లనే.

ముందుగా ఆశ్రమ నిర్వాహకులతో మాట్లాడి స్థలం, నీటి కుళాయి, బయటివారు లోపలికి రాదగిన వేళలు కాగితం మీద ఖరారు చేసుకోవాలి. పలుగు, పార, కలుపు తీసే దోకుడుపార, నీళ్ళ పైపు, రెండు బకెట్లు ఉంటే పనిముట్లు సరిపోతాయి. చక్రాల కుర్చీ తిరగడానికి నాలుగడుగుల దారి వదిలి, రెండు రెండున్నర అడుగుల ఎత్తున ఇటుకలతో మడులు కట్టిస్తే నడుము వంచలేనివారు కూడా కూర్చుని పని చేయగలరు. ఏ పూలు కావాలో ఆశ్రమంలో ఉండే పెద్దలనే అడగాలి. పూజకు తెల్లవారుజామునే పూలు కోసుకునేవారు ఎలాగూ ఉంటారు కాబట్టి, నందివర్ధనం, మందార ఒక వరుస వారికే వదిలేయాలి. బంతి, చామంతి, కనకాంబరం, మల్లె తప్పకుండా ఉండాలి. గులాబీలు పెట్టకూడదు, ముళ్ళూ ఎక్కువే, చీడలూ ఎక్కువే. గన్నేరు సంగతి ఇష్టాయిష్టాలది కాదు. ఆ చెట్టులో ప్రతి భాగమూ విషమే కనుక, మతిమరుపుతో ఏదైనా నోట్లో పెట్టుకునే పెద్దలున్న చోట దానికి తావు లేదు.

నాటడానికి సరైన సమయం జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో ప్రవేశించే మృగశిర కార్తె తర్వాత, తొలి వానలకు నేల నానినప్పుడు. తవ్వకానికి దగ్గరలోని డిగ్రీ కళాశాల ప్రిన్సిపాలుకు ఒక ఉత్తరం రాస్తే చాలు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో చేరిన ప్రతి విద్యార్థి రెండేళ్ళలో 240 గంటల సేవ చేయవలసి ఉంటుంది కాబట్టి, కళాశాలలో ఆ పథకాన్ని చూసే ప్రోగ్రాం అధికారులు ఇలాంటి పనులకు సంతోషంగానే ఒప్పుకుంటారు. అయితే ఆ పిల్లలతోనే తోట నడుస్తుందని అనుకోకూడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వారికి పరీక్షలుంటాయి, మేలో సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు. మొక్కకు నీళ్ళు అత్యవసరమైనది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే.

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. వేసవిలో నీళ్ళు పోసేవారు కుదరనంతవరకు నేలలో పలుగు దింపకూడదు. వారానికి ఏడు రోజులు, రోజుకు ఇద్దరు చొప్పున పద్నాలుగు మంది కావాలి. ఒక్కొక్కరే చాలులే అని సరిపెట్టుకుంటే ఆ ఒక్కరికి జ్వరం వచ్చిన వారమే ఎండ ముదురుతుంది. ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోవాలి. వైశాఖంలో, జ్యేష్ఠంలో ముహూర్తాలు పడ్డాయంటే ఇంటిల్లిపాదీ ఒకే పెళ్ళికి ప్రయాణమవుతారు.

ఈ పద్నాలుగు మంది కోసం వాట్సాప్ గ్రూపుల్లో పోస్టరు పెట్టేవారు ఎక్కువ. దానికి నమస్కారం బొమ్మలు వస్తాయి గానీ మనుషులు రారు. వెతకవలసిన చోటు ఆశ్రమం కార్యాలయంలోనే, బల్ల మీద ఉంటుంది. పుట్టినరోజుకో, పెళ్ళిరోజుకో, అమ్మానాన్నల వర్ధంతికో అన్నదానం చేయించేవారి వివరాలు రాసే రిజిస్టరు అది. ఏటా అదే తేదీన వచ్చేవారు, ముఖ్యంగా తల్లిదండ్రుల పేర భోజనం పెట్టించేవారు, ఆశ్రమానికి కొత్తవారు కారు. మొహమాటం లేకుండా లోపలికి వచ్చి, పెద్దలను పేరుతో పలకరించగలిగినవారు. వారిలో ఆశ్రమానికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉండేవారిని గుర్తించమని నిర్వాహకులను కోరాలి. ఫోన్ నంబర్లు మనం రాసుకోకూడదు, మొదటి ఫోన్ నిర్వాహకుల చేతే చేయించాలి. రిజిస్టరులో సరిపడా మనుషులు తేలకపోతే దగ్గరి పార్కులో ఉదయపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులను, ఆ వీధిలో మిద్దెతోట పెంచుకునే గృహిణులను అడగాలి. మిద్దెతోటవారికి నీళ్ళు ఎంత పోయాలో వేరే నేర్పనక్కరలేదు.

అడిగే తీరు మరీ ముఖ్యం. ఎదురుగా కూర్చుని, ఒక్కరినే, ఒకే పని అడగాలి. “సార్, వచ్చే మార్చి 15 నుంచి జూన్ 15 వరకు, ప్రతి మంగళవారం ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా మల్లె మడులకు మీరు నీళ్ళు పోయగలరా? జూన్ 15 తర్వాత మిమ్మల్ని అడగను” అని చెప్పి, జవాబు వచ్చేదాకా మాట్లాడకుండా ఉండాలి. “వీలైనప్పుడు రండి” అంటే ఎప్పుడూ రారు. సేవ, పుణ్యం అనే మాటలు ఎత్తకూడదు. మొహమాటానికి ఒప్పుకున్నవారు రెండో వారంలోనే మానేస్తారు. “చూద్దాం లెండి” అన్నవారిని మళ్ళీ అడగవద్దు. “ఆ రోజు కుదరదు, గురువారం అయితే?” అన్నవారిని మాత్రం వదలవద్దు, వారు తమ వారాన్ని అప్పటికే మనసులో సర్దుకుంటున్నారు.

నాటే రోజున మైకులో అడిగితే లేచే చేతులను లెక్కలోకి తీసుకోకూడదు. జూన్‌కు ముందే పేర్లు రాసుకుని, సంక్రాంతి వెళ్ళాక ప్రతి ఒక్కరినీ మళ్ళీ కలిసి, రోజు మారిందేమో కనుక్కోవాలి. అప్పటికి ఇద్దరు ముగ్గురు తప్పుకుంటారు. కొత్తవారిని వెతకడానికి ఫిబ్రవరి అంతా చేతిలో ఉంటుంది. మల్లె పూసేది సరిగ్గా ఎండల్లోనే కాబట్టి, నీళ్ళు పోసినవారు ఒక దోసెడు మొగ్గలు ఇంటికి తీసుకువెళ్ళవచ్చని కూడా చెప్పాలి. ఇది చిన్న విషయమని కొట్టిపారేసేవారు ఏప్రిల్ దాకా ఆగి చూడవచ్చు.

మిగిలినదంతా తేలిక. కుళాయి పక్కన తాడుతో ఒక నోటుపుస్తకం, పెన్ను వేలాడదీసి, వచ్చినవారు తేదీ, ఏ మడులకు నీళ్ళు పోసినదీ రాయాలి. రాలేనివారు ముందురోజు సాయంత్రంలోగా తమ జతవారికి ఫోన్ చేయాలి గానీ నిర్వాహకులకు కాదు. చెప్పకుండా వరుసగా రెండు వారాలు రానివారి రోజును మరొకరికి ఇచ్చేయాలి. పెద్దలను అడగకుండా ఫోటోలు తీయరాదు, గదుల్లోకి వెళ్ళరాదు. ఉత్సాహం ఉన్న పెద్దలుంటే ఆ నోటుపుస్తకం బాధ్యత వారికే అప్పగించాలి. హాజరు విషయంలో వారు మనకంటే కచ్చితంగా ఉంటారు. జూన్ 15న, చెప్పిన మాట ప్రకారం, అందరికీ గడువు ముగిసిందని చెప్పాలి. కొనసాగుతామని వారంతట వారే అంటే తప్ప మరుసటి ఏడాది జాబితాలో ఎవరి పేరూ వేయకూడదు.