రోటరీ ఇంజిన్ పాఠాలు – 4: పెట్రోలు ఎక్కువైందా, నిప్పు తక్కువైందా?

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారనుకుంటాను. పెట్రోలుకి నిప్పంటించే నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో రాసుకుని, పాత పేపరు మీద వరసగా పెట్టి ఉంటారు. ముందు రోటర్‌వి (పిస్టన్‌కి బదులు లోపల తిరిగే ముక్క) రెండు, వెనక రోటర్‌వి రెండు. కింద ఉండేవి లీడింగ్, పైన ఉండేవి ట్రెయిలింగ్. వాటిని పక్కన పెట్టుకునే ఇది చదవండి. సైలెన్సర్ లోంచి పెట్రోలు వాసన ఎందుకొస్తుందో ఈ పాఠంలో వెతుకుదాం.

కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట. ఈ పాఠాలన్నిటికీ బండి ఒకటే: 1993 మాజ్డా ఆర్ఎక్స్-7, ఎఫ్‌డీ మోడల్. మన ఊళ్లలో మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా వ్యానో, స్కూలు బస్సో గుర్తొస్తుంది. ఆ హిరోషిమా కంపెనీయే పిస్టన్లు లేకుండా చేసిన స్పోర్ట్స్ కారు ఇది. రెండు రోటర్లు, ఒక్కోటీ 654 సీసీ, పైన గాలిని బలంగా లోపలికి తోసే రెండు టర్బోలు. అమెరికాలో దీన్ని మూడేళ్లే అమ్మారు, 1993 నుంచి 1995 దాకా. డల్లాస్‌లో నా చేతికొచ్చేసరికి ఇది ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు.

కొన్న మూడో వారం. గరాజ్‌లో స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, పెట్టాను. పెట్రోలు వాసన గుప్పుమంది. పక్కింటి బాబాయ్ కుక్కని తిప్పుతూ వచ్చి ఆగిపోయారు.

"ఏంట్రా అబ్బాయ్, ట్యాంకు గానీ కారుతోందా?"

"లేదు బాబాయ్, సైలెన్సర్ లోంచే."

"అయితే సగం పెట్రోలు తాగుతోంది, సగం ఉమ్మేస్తోంది."

ఆయన గుంటూరులో ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ నడిపిన మనిషి. ముక్కు మంచిదే. కానీ రోటరీ విషయంలో ముక్కుని పూర్తిగా నమ్మకూడదు.

ముందు తేల్చాల్సింది: నిజంగా రిచ్‌గా (గాలికి తగ్గదానికంటే పెట్రోలు ఎక్కువగా) ఉందా?

రోటరీలో మంట మండే గది గుండ్రంగా ఉండదు. పొడుగ్గా, పల్చగా, రోటర్‌తో పాటే జరుగుతూ పోతుంది. మంట ఆ గది తోక దాకా సరిగ్గా అందదు. అక్కడి పెట్రోలు కొంత కాలకుండానే బయటికి పోతుంది. పైగా రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీళ్లు అరిగిపోకుండా ఆయిల్ పంపు ఒకటి కావాలనే కొంచెం ఇంజిన్ ఆయిల్ లోపలికి వదులుతుంది. అంటే నిక్షేపంలాంటి రోటరీ కూడా కాస్త వాసన కొడుతుంది. హోండాతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు.

రెండో మోసం మిస్సింగ్. ప్లగ్ సరిగ్గా కొట్టకపోతే పెట్రోలూ గాలీ రెండూ కాలకుండా సైలెన్సర్‌లోకి పోతాయి. మన ముక్కుకి పెట్రోలు తగులుతుంది. ఆక్సిజన్ సెన్సర్‌కి మాత్రం మిగిలిపోయిన ఆక్సిజన్ తగులుతుంది. అది "గాలి ఎక్కువైంది, పెట్రోలు పొయ్యి" అని ఇంజిన్ కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి చెబుతుంది. ఈసీయూ పోస్తుంది. వాసన ఇంకా పెరుగుతుంది. వాసన రిచ్ అంటూ, గాలి-పెట్రోలు మీటరు లీన్ (పెట్రోలు తక్కువ) అంటూ ఉంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల జోలికి పోకండి, నిప్పు వైపు చూడండి.

ఇప్పుడు ప్లగ్గులు చూడండి. నాలుగూ పొడిగా, కుంపటి అడుగులా మసి పట్టి ఉంటే ఇంజిన్ మొత్తం రిచ్‌గా నడుస్తోంది. ఒక రోటర్‌వి రెండే నల్లగా ఉంటే ఆ రోటర్ ఇంజెక్టర్ మీద అనుమానం. లీడింగ్ రెండూ తడిగా, ట్రెయిలింగ్ రెండూ బాగా ఉంటే అది పెట్రోలు జబ్బు కాకపోవచ్చు. ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్ లీడింగ్ రెండింటికీ ఒకటే, ట్రెయిలింగ్‌కి వేటికవే. ఒక్క కాయిల్ బలహీనపడితే రెండు రోటర్లలోనూ లీడింగ్ ప్లగ్గులు ఒకేసారి తడుస్తాయి. ఒకే ఒక్క ప్లగ్ పాడైతే దాని వైరు మార్చి చూడండి, అంతే.

నావి నాలుగూ నల్లగా, పొడిగా వచ్చాయి. మొత్తం రిచ్.

ఎవరి మాట విని పోస్తోంది?

ఈసీయూ గదిలో కూర్చున్న గుమాస్తా లాంటిది. కిటికీలోంచి బయటికి చూడలేదు. సెన్సర్లు రాసి పంపిన చీటీలు చూసి పెట్రోలు లెక్క కడుతుంది. కాబట్టి రెండే దారులు: ఎవరో తప్పుడు చీటీ పంపుతున్నారు, లేదా గుమాస్తాకి తెలియకుండా పెరటి దారిన పెట్రోలు లోపలికొస్తోంది.

చీటీల సంగతి ముందు. అబద్ధం చెప్పడంలో మొదటి అనుమానితుడు వాటర్ టెంపరేచర్ సెన్సర్. వాటర్ పంపు హౌసింగ్ వెనక ఉంటుంది, చెయ్యి దూర్చడం కష్టం. నీళ్లు చల్లగా ఉంటే దీని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర దాదాపు 2.45 కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర దాదాపు 0.32. ఈ రెండు అంకెలూ గరాజ్ గోడ మీద రాసుకోండి.

వైరు పూర్తిగా తెగిపోతే ఈసీయూ కనిపెట్టి ఫాల్ట్ కోడ్ పెట్టేస్తుంది. సగం చెడిన కనెక్టర్‌తోనే వస్తుంది అసలు చిక్కు. నా బండిలో జరిగింది అదే. ఇంజిన్ బాగా వేడెక్కాక కనెక్టర్ తీసి సెన్సర్ పిన్నుల మీద మల్టీమీటర్ పెడితే 0.32, అంటే సెన్సర్ మంచిదే. దాన్ని మళ్లీ పెట్టేసి, ఇంజిన్ ఆపి, ఈసీయూ దగ్గర ప్లగ్ తీసి అదే రెండు వైర్ల మధ్య కొలిస్తే 2.3 చూపించింది. మధ్యలో రెండు కిలో ఓములు ఎక్కణ్నుంచి వచ్చాయి? కనెక్టర్ లోపల పచ్చగా చిలుం పట్టింది. అంటే జూలై నెల డల్లాస్ ఎండలో, మరుగుతున్న ఇంజిన్ పక్కన కూర్చుని, "ఇప్పుడే తెల్లారింది, 20 డిగ్రీలే ఉంది" అని చీటీ వెళ్తోంది. గుమాస్తా పాపం చలికాలం లెక్కన పెట్రోలు పోస్తూనే ఉన్నాడు.

దీనికి ముందు ఒక గ్యారేజీవాళ్లు ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, బిల్లు నాలుగంకెలు దాటింది. ఒక్కసారి కూడా మీటరు పెట్టలేదు. నాకు కోపం డబ్బు గురించి కాదు, డబ్బు గురించి కూడా అనుకోండి.

సెన్సర్ మీదే అనుమానం ఉంటే విప్పి, టీ గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్‌తో పాటు ముంచి కొలవండి. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి తేకండి. ఇంట్లో గొడవ సంగతి తర్వాత, సెన్సర్‌కి అంటిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) అందులో కలుస్తుంది, అది విషం.

రెండో అనుమానితుడు మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్. ఎఫ్‌డీలో గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. ఇంజిన్‌కి గాలి అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంతుందో చూసి, గాలి ఎంత వచ్చిందో ఈసీయూ లెక్క వేసుకుంటుంది. ఐడ్లింగ్‌లో అక్కడ గట్టి వాక్యూమ్ ఉంటుంది. సెన్సర్‌కి వెళ్లే సన్నటి రబ్బరు గొట్టం చిట్లితే వాక్యూమ్ సరిగ్గా అందదు. ఒత్తిడి ఎక్కువుందని సెన్సర్ చెబుతుంది, డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కాడని ఈసీయూ అనుకుంటుంది. గొట్టం పూర్తిగా ఊడితే నల్లటి పొగ కక్కి ఆగిపోతుంది. టర్బోల వేడికి ముప్ఫై ఏళ్లు వేగిన గొట్టాలివి. వేలితో వంచి చూడండి, అప్పడంలా పుటుక్కుమంటే అదే దొంగ. చేతి వాక్యూమ్ పంపు ఉంటే గొట్టం చివర పెట్టి లాగి, ముల్లు నిలబడుతుందో జారుతుందో చూడండి.

అంతకు ముందు తరం, 1986-88 నాటి ఆర్ఎక్స్-7 ఎఫ్‌సీ మోడల్ ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త. మీ బండిలో రెక్క తలుపు గాలి మీటరు ఉంటుంది. దాన్ని దాటాక దొంగగాలి దూరితే మీకు మామూలుగా లీన్ అవుతుంది, రిచ్ కాదు. ఎఫ్‌డీ సలహా ఎఫ్‌సీకి వాడి చాలామంది వారాలు పోగొట్టుకున్నారు.

పెరటి దారులు

ఇవి త్వరగా తేలతాయి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మీది వాక్యూమ్ గొట్టం పీకి వాసన చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే డయాఫ్రమ్ (రెగ్యులేటర్ లోపలి పల్చటి పొర) చిరిగింది, మార్చడమే. ఇంజెక్టర్ కారుతుంటే, వేడి బండి ఆపి ఇరవై నిమిషాల తర్వాత స్టార్ట్ చేయబోతే మొరాయిస్తుంది. ఫ్యూయల్ లైనుకి ప్రెషర్ గేజ్ పెట్టి ఇంజిన్ ఆపండి, ముల్లు గబగబా పడిపోతే ఎక్కడో కారుతోంది. పెట్రోలు గొట్టాలు విప్పే పనులన్నీ ఇంజిన్ చల్లారాక, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకునే చేయండి.

కారిన పెట్రోలు లోపల చేరితే ఎపెక్స్ సీళ్ల మీది ఆయిల్ పొర కడుక్కుపోతుంది, కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) పడిపోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. అప్పుడు ఫ్యూయల్ పంపు రిలే, కాయిల్ కనెక్టర్లు తీసేసి, ప్లగ్గులు విప్పి, కొద్ది సెకన్లపాటు సెల్ఫ్ కొట్టండి, పెట్రోలు బయటికి చిమ్ముతుంది. తర్వాత రంధ్రాల్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేసి, మళ్లీ అన్నీ బిగించి స్టార్ట్ చేయండి. పొగ చూసి కంగారు పడకండి, అది మీరు పోసిన ఆయిలే. చల్లటి బండిని స్టార్ట్ చేసి, పది అడుగులు వెనక్కి తీసి ఆపేసేవాళ్లకి ఈ తిప్పలు తప్పవు. ఒకసారి స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా ఉంచండి.

ఒక్కటి మాత్రం చేయకండి. ఫుల్ బూస్ట్‌లో, అంటే టర్బోలు పూర్తిగా గాలి తోస్తున్నప్పుడు, గాలి-పెట్రోలు మీటరు 11 (ఒక పాలు పెట్రోలుకి 11 పాళ్ల గాలి) చూపించిందని ల్యాప్‌టాప్ తగిలించి పెట్రోలు తగ్గించొద్దు. అక్కడ రిచ్‌గా ఉండటం మాజ్డా వాళ్లు కావాలని పెట్టిందే. బూస్ట్‌లో లీన్ అయితే డిటొనేషన్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి ఎపెక్స్ సీల్ విరుగుతుంది, ఆ ముక్క టర్బోని కూడా తినేస్తుంది. మనం వెతికే రిచ్ ఐడ్లింగ్‌లోదీ, మామూలు నడకలోదీ.

ఇంటిపని: తెల్లవారుజామున ఒకసారి, అరగంట నడిపాక ఒకసారి టెంపరేచర్ సెన్సర్‌ని రెండు చోట్ల కొలవండి, సెన్సర్ దగ్గరా, ఈసీయూ దగ్గరా. నాలుగు అంకెలు రావాలి. రెండు చోట్లా ఒకే అంకె వస్తే ప్రెషర్ సెన్సర్ గొట్టానికి వెళ్లండి. తేడా వస్తే ముందు కనెక్టర్ మార్చి, శుభ్రమైన ప్లగ్గులు వేసి వంద మైళ్లు తిప్పి, మళ్లీ విప్పి చూడండి.

అయిదో పాఠంలో టర్బోల వెనక గొట్టాల చిక్కుముడి విప్పుతాం. 4 మిల్లీమీటర్ల సిలికాన్ గొట్టం తెప్పించి ఉంచుకోండి, పది మీటర్ల పైనే పడుతుంది.