సీసం గుండ్లకు పౌడర్ కోటింగ్ - 4వ పాఠం: బేకింగ్ టైమ్ ఎక్కడినుంచి లెక్కపెట్టాలి

గాలాలకు, వలలకు బరువుగా కట్టే సీసం గుండ్లను వేడి చేసి, రంగు పౌడర్‌లో ముంచి, ఓవెన్‌లో కాల్చి రంగు గట్టిపరచడమే మనం నేర్చుకుంటున్న పౌడర్ కోటింగ్. ఈ పాఠంలో రెండు రంగులు వేయడం, కొక్కెం దగ్గర పౌడర్ పేరుకోకుండా చూడడం చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఎందుకంటే మూడో పాఠం చదివి గుండ్లు చేసినవాళ్ళ నుంచి వచ్చిన మెసేజీల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. రంగు బాగానే పట్టింది, మెరుపు బాగానే వచ్చింది, నాలుగు రోజులు రాళ్ళ మీద వేటాడేసరికి పెచ్చులూడిపోయింది. భావనపాడు నుంచి ఒక తమ్ముడు ఫొటో కూడా పంపాడు, "గోరుతో గోకితే వచ్చేస్తంది మాస్టారూ, ఏటి చేయమంటారు" అని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఈ రెండు నెలల్లోనే వలలు, గాలాలు, గుండ్లు సరిచేసుకుంటారు. సీజన్ మొదలయ్యాక మళ్ళీ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని ముందు ఇది తేల్చేద్దాం.

ఊడిపోయిన గుండును చేతిలోకి తీసుకుని చూడండి. రంగు పొరలాగా లేచి, కింద సీసం శుభ్రంగా తెల్లగా మెరుస్తుంటే తప్పు తుడవడంలో ఉంది. అచ్చు నుంచి తీశాక తిన్నర్‌తోనో అసిటోన్‌తోనో తుడవలేదు, లేదా తుడిచాక మళ్ళీ చేత్తో పట్టుకున్నారు. అచ్చుకు దీపం మసి పట్టించి పోతపోసేవాళ్ళకు ఇది మరీ ఎక్కువ, ఆ మసి గుండుకు అంటుకుని ఉంటుంది. సూదిమొనంత చిల్లులు, బుడగలు కనిపిస్తే పోతలో గాలి మిగిలింది. పౌడర్ వేయకముందే గుండ్లను ఓవెన్‌లో ఒకసారి ఖాళీగా వేడి చేసి చల్లార్చుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఈ రెండూ అంతే, ఇంక చెప్పడానికేం లేదు.

అసలు సమస్య మూడోది. గోకితే రంగు మెత్తగా గీరుకుని పొడిపొడిగా వస్తోంది. ఫొటోల్లో నేను చూసిన గుండ్లలో ఎక్కువ ఇవే. ఇది పచ్చిగా ఉండిపోయిన పౌడర్.

ఇక్కడ నాకు నిజంగా చిరాకు తెప్పించే విషయం ఒకటుంది. పౌడర్ డబ్బా మీద "200 డిగ్రీలు, 10 నిమిషాలు" అని ఉంటుంది. అందరూ ఏం చేస్తున్నారంటే ఓటీజీ (ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్) బటన్ 200 దగ్గర పెట్టి, గుండ్లు లోపల వేలాడదీసి, సెల్‌ఫోన్‌లో 10 నిమిషాలు టైమర్ పెట్టి, మోగగానే తీసేస్తున్నారు. డబ్బా మీద రాసినది గాలి వేడి గురించి కాదు. లోహం 200కు చేరాక, ఆ వేడి మీద 10 నిమిషాలు ఉండాలని దాని అర్థం. మీరు తలుపు మూసిన క్షణం నుంచి టైమ్ మొదలవదు. గుండు వేడెక్కాక మొదలవుతుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మీ గుండ్లలో ఎక్కువ భాగం బాగుపడతాయి.

మోసపోవడానికి కారణం మెరుపు. మనం వేడి గుండును పౌడర్‌లో ముంచుతున్నాం కాబట్టి పౌడర్ తగలగానే కరిగి నున్నగా పరుచుకుంటుంది. చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ కరగడం వేరు, గట్టిపడడం వేరు. కరిగిన పౌడర్ లోపల రసాయనాలు ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లినట్టు బిగుసుకోవాలి. దానికి వేడీ కావాలి, సమయమూ కావాలి, రెండూ కలిపి కావాలి. 200 దగ్గర చేయాల్సిన పౌడర్‌ను 160 దగ్గర 10 నిమిషాలు పెట్టి తీస్తే మెరుస్తుంది, అంతే. పట్టు ఉండదు.

ఇప్పుడు గుండు సైజు సంగతి. 20 గ్రాముల చిన్న గుండూ, 200 గ్రాముల పెద్ద గుండూ ఒకే ఆకారంలో ఉన్నాయనుకోండి. బరువు పదింతలు పెరిగింది, కానీ వేడి లోపలికి వెళ్ళాల్సిన పైభాగం నాలుగున్నర ఇంతల కంటే కొద్దిగానే ఎక్కువ పెరిగింది. అంటే ఒక్కో గ్రాముకు అందే వేడి పెద్దదానికి సగం కంటే తక్కువ. అందుకే ఒకే కమ్మీకి రెండూ వేలాడదీస్తే చిన్నది పూర్తయ్యే సమయానికి పెద్దది ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. నా ఓటీజీలో పెద్దవి వేడెక్కడానికే డబ్బా మీద రాసిన 10 నిమిషాలు దాటిపోతుంది, ఆ తర్వాతే అసలు 10 నిమిషాలు. మీ ఓవెన్ నా ఓవెన్ ఒకటి కాదు కాబట్టి నా లెక్క కాపీ కొట్టొద్దు. విసురువలకు కట్టే చిన్న గుళ్ళు చేసేవాళ్ళకు ఈ తేడా పెద్దగా తెలియదు. కొరమేనుకీ పండుగప్పకీ చిన్న సైజులు వాడేవాళ్ళూ గట్టెక్కేస్తారు. కెరటాలు దాటించి విసరడానికి బరువు గుండ్లు చేసే కళింగపట్నం, బారువ వైపువాళ్ళే ఎక్కువ దెబ్బతింటున్నారు.

మరి గుండు వేడి ఎలా తెలుస్తుంది? ఓటీజీ బటన్ మీద అంకెలను నేను అసలు నమ్మను, పాతబడిన కొద్దీ అవి 20, 30 డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంటాయి. లేజర్ చుక్క పడే ఇన్‌ఫ్రారెడ్ గన్ కూడా మెరిసే సీసం మీద తప్పే చెబుతుంది, ఉన్నదానికంటే బాగా తక్కువ చూపిస్తుంది. నా పద్ధతి ఇది. ప్రతి సైజులో ఒక గుండును బలి ఇస్తాను. దానికి మధ్యదాకా సన్నటి రంధ్రం డ్రిల్ చేసి, మల్టీమీటర్‌తో వచ్చే కె-టైప్ థర్మోకపుల్ (కొస దగ్గర ఎంత వేడి ఉందో మీటర్‌కు చెప్పే వైరు) కొస అందులోకి దూర్చి, రాగి తీగతో బిగిస్తాను. దాన్ని మిగతా గుండ్ల మధ్యలో వేలాడదీసి, వైరు తలుపు సందులోంచి బయటికి తీస్తాను. మీటర్ అంకె డబ్బా మీది వేడికి చేరినప్పుడు టైమర్ నొక్కుతాను. ఒకసారి ఆ సైజుకు ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకుంటే తర్వాత ప్రతిసారీ మీటర్ అక్కర్లేదు. డ్రిల్ చేసినప్పుడు రాలిన సీసం పొట్టును తడిగుడ్డతో ఎత్తేయండి, చీపురుతో ఊడవద్దు.

గుండ్లు ఒకదానికొకటి తగలకూడదు, ఓవెన్ కడ్డీలకు దగ్గరగా ఉండకూడదు, ఆ ఓటీజీలో మళ్ళీ తిండి వండకూడదు. ఇవి మీకు తెలిసినవే.

కొందరు నా మాట విని భయపడి వేడి పెంచేస్తారని ఇంకోటి చెప్పాలి. విజయనగరం నుంచి ఒకరి గుండ్లు ఓవెన్‌లోనే సాగి, కొక్కేలు ఊడి ట్రేలో పడ్డాయి. సీసం 327 డిగ్రీల దాకా కరగదు కదా, 200కే ఎలా కరిగిందని అడిగారు. పాతసామాన్ల కొట్టులో తెచ్చిన సీసంలో సోల్డర్, అంటే లోహాలను అతికించడానికి కరిగించి వాడే లోహం, కలిసిపోయి ఉంది. తగరం, సీసం కలిసిన సోల్డర్ 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. రేడియేటర్ షాపుల్లోంచి, పాత టీవీ బోర్డుల్లోంచి వచ్చిన ముక్కలు కలిశాయంటే ఇదే జరుగుతుంది. అలాంటి సీసమే ఉంటే 160, 170 దగ్గర గట్టిపడే తక్కువ వేడి పౌడర్ అడిగి తెచ్చుకోండి, లేదా ఆ గుండ్లకు కోటింగ్ మానేయండి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీయడం మాత్రం ఎవరూ చేయొద్దు. ఆసిడ్ ఒకటే కాదు, ఆ పలకలను కరిగిస్తే వచ్చే పొగ కూడా విషమే.

పౌడర్ గురించి చిన్న మాట. ప్లాస్టిక్ డబ్బాలో గుండ్లు, పౌడర్ వేసి ఊపే పద్ధతి ఎందుకు చెప్పలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది స్థిర విద్యుత్తు మీద ఆధారపడిన పద్ధతి, గాలి పొడిగా ఉండాలి. మన సముద్రం ఒడ్డున గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. అందుకే నేను వేడి చేసి ముంచడమే నేర్పుతున్నాను, నాకు అదే ఇష్టం కూడా. చెమ్మ తగిలి పౌడర్ ఉండలు కడితే జల్లెడ పట్టండి, ముక్కుకు మాస్క్ పెట్టుకుని. మిగిలినది సిలికా జెల్ పొట్లం వేసి గట్టి మూత డబ్బాలో ఉంచండి.

మధ్యలో కరెంటు పోతే కంగారు పడొద్దు, తలుపు తీయొద్దు. వచ్చాక గుండు మళ్ళీ వేడెక్కేదాకా ఆగి, టైమ్ మొదటినుంచి లెక్కపెట్టండి. కొంచెం ఎక్కువ కాలితే తెలుపు రంగు పసుపు తిరుగుతుంది, మిగతా రంగులకు పెద్ద నష్టం లేదు. పచ్చిగా మిగిలిన మీ పాత గుండ్లను కూడా, పెచ్చులు లేవకుండా ఉంటే, ఇలాగే మళ్ళీ ఓవెన్‌లో పెట్టి బాగుచేసుకోవచ్చు.

ఇప్పుడు అభ్యాసం. ఈసారి పని ఎక్కువే, చేయకుండా ఐదో పాఠానికి రావద్దు. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో నాలుగేసి గుండ్లు పోయండి. ప్రతి సైజులో ఒకదానికి థర్మోకపుల్ పెట్టి, నిమిషానికొకసారి వేడి రాసుకోండి. ఆ కాగితం ఓటీజీ పక్క గోడకు అంటించండి. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని చల్లారాక అసిటోన్ గుడ్డతో గట్టిగా రుద్దండి, గుడ్డకు లేతగా రంగు అంటితే ఫర్వాలేదు, గుండు జిగటగా మారితే పచ్చిదే. రెండోదాన్ని బండరాయి మీద పెట్టి సుత్తితో చపాతీలా అణిగేదాకా కొట్టండి. సీసం సాగినా రంగు దానితోపాటే సాగాలి, చిట్లి రాలకూడదు. మూడోదాన్ని వారం రోజులు ఉప్పునీళ్ళలో ఉంచి, తీసి, తాడుకు కట్టి కంకర మీద ఈడ్వండి. కొట్టిన గుండును మళ్ళీ మూకుడులో వేసి కరిగించొద్దు, కాలిన రంగు పొగ మంచిది కాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పైన రంగున్నా లోపల ఉన్నది సీసమే, పిల్లలకు అందనివ్వొద్దు. మూడు సైజుల ఫలితాలూ, ఆ కాగితం ఫొటోతో సహా నాకు పంపండి. "బాగానే వచ్చింది" అని ఒక్క ముక్క పంపితే నేను జవాబివ్వను, అంకెలు కావాలి.