లాగిన్ టెస్ట్ ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్: సమస్య - పరిష్కారం

బెంగళూరు మారతహళ్ళి ఆఫీసులో, మీ ల్యాప్‌టాప్ మీద పదికి పదిసార్లూ పాసయ్యే లాగిన్ టెస్ట్ రాత్రి టెస్టులు వాటంతటవే నడిచే పైప్‌లైన్‌లో మాత్రం ఎర్రగా (ఫెయిలై) కనిపిస్తుంది. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో ముందుగా వినబడే మాట "వెయిట్ (టెస్ట్ ఆగి చూసే సమయం) పెంచేద్దాం". దయచేసి ఆ పని చేయకండి. లాగిన్ రిక్వెస్ట్‌కి సర్వర్ ఏం జవాబిచ్చిందో ముందు చూడండి. బ్రౌజర్ టెస్టులు నడిపే ప్లేరైట్ వాడుతుంటే మొదటి రీట్రైకి ట్రేస్ (జరిగినదంతా రాసిపెట్టే రికార్డు) ఆన్ చేసి పెట్టండి, దాని నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొత్తం దొరుకుతుంది.

సమస్య: రిక్వెస్టే వెళ్ళలేదు

టైప్ చేసిన ఈమెయిల్ మాయమై, బాక్స్ కింద "ఈమెయిల్ ఇవ్వండి" అని ఉంటుంది. సర్వర్ పంపిన పేజీ కంటికి కనబడింది కానీ జావాస్క్రిప్ట్ ఇంకా దానికి తగులుకోలేదు. ఆ సందులో టెస్ట్ టైప్ చేసేసింది, తర్వాత రియాక్ట్ (పేజీని నడిపే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వచ్చి బాక్స్‌ని ఖాళీ చేసింది. పేజీ సిద్ధమయ్యేదాకా బాక్సులనూ బటన్‌నూ డిజేబుల్ చేసి ఉంచమని డెవలపర్లను అడగండి. ప్లేరైట్ అవి ఎనేబుల్ అయ్యేదాకా తనే ఆగుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్న యూజర్‌కీ ఇదే ఇబ్బంది వస్తుంది కాబట్టి దీన్ని యాప్ బగ్‌గానే రాయండి.

సమస్య: ఓటీపీ సరైనదే, అయినా 401

401 అంటే మీరెవరో సర్వర్ ఒప్పుకోలేదని. ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చే 6 అంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకొకసారి మారుతుంది. టెస్ట్ 9:00:29కి కోడ్ తయారుచేసి, 9:00:31కి సబ్మిట్ చేస్తే అప్పటికే అది పాత కోడ్. కొన్ని సర్వర్లు ముందరి కోడ్‌ని కూడా ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అందుకే టెస్ట్ కొన్నిసార్లే పడిపోతుంది. కోడ్ తయారుచేసే ముందు ఇంకా ఎన్ని సెకన్లు మిగిలాయో లెక్కవేయండి. 5 కన్నా తక్కువుంటే తర్వాతి కోడ్ దాకా ఆగండి. వెయిట్ పెట్టాల్సిన అసలు చోటు ఇదే.

రెండో కారణం చాలామందికి తట్టదు. ఒకసారి ఒప్పుకున్న కోడ్‌ని సర్వర్ రెండోసారి ఒప్పుకోకూడదని ఈ కోడ్‌ల ప్రమాణ పత్రమైన 2011 నాటి ఆర్ఎఫ్‌సీ 6238 చెబుతుంది. ఒకే యూజర్‌తో రెండు టెస్టులు ఒకే 30 సెకన్లలో లాగిన్ అయితే రెండోది పడిపోవడం న్యాయమే. వర్కర్‌కి (టెస్టులను పక్కపక్కనే నడిపే ఒక్కో ప్రాసెస్‌కి) ఒక యూజర్ చొప్పున ఇవ్వండి.

మూడోది గడియారం. ఈ లెక్క యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మీద నడుస్తుంది, మన టైమ్‌జోన్‌తో పని లేదు. కానీ మెషిన్ టైమ్‌జోన్ యూటీసీగా ఉండగా ఎవరైనా చేత్తో బెంగళూరు టైమ్ పెట్టారనుకోండి, 5:30 గంటలు, అంటే 19,800 సెకన్లు, 660 కోడ్‌లు ముందుకు పోయినట్టే. గడియారాన్ని నెట్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ ఆన్ చేయండి.

సమస్య: 200 వచ్చింది, మళ్ళీ లాగిన్ పేజీయే

200 అంటే రిక్వెస్ట్ సక్రమంగా ముగిసిందని. జవాబులో సెట్-కుకీ హెడర్ (బ్రౌజర్ దాచుకోవాల్సిన లాగిన్ గుర్తు వచ్చే చోటు) చూడండి. కుకీకి సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే పంపాలనే షరతు) ఉండి, టెస్ట్ సర్వర్ మామూలు హెచ్‌టీటీపీ మీద ఉంటే బ్రౌజర్ దాన్ని దాచుకోదు. లోకల్‌హోస్ట్‌కి క్రోమ్ మినహాయింపు ఇస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో పాసవడానికి అదే కారణం కావచ్చు. టెస్ట్ సర్వర్‌కి సర్టిఫికెట్ పెట్టించండి. సెక్యూర్‌ని తీసేయడం పరిష్కారం కాదు.

లాగిన్ స్థితిని ఫైల్‌లో దాచి వాడుతున్నా ఇదే కనబడవచ్చు. ప్లేరైట్ స్టోరేజ్ స్టేట్ కుకీలనూ లోకల్ స్టోరేజ్‌నూ దాస్తుంది, సెషన్ స్టోరేజ్‌ను దాచదు. లాగిన్ అయ్యారని చూపే టోకెన్ అక్కడుంటే, పేజీకన్నా ముందు నడిచే ఇనిట్ స్క్రిప్ట్‌తో మీరే తిరిగి పెట్టాలి.

సమస్య: సగంలో లాగౌట్

టోకెన్ గడువు 15 నిమిషాలు, టెస్టులు నడిచేది 40 నిమిషాలు అయితే రిఫ్రెష్ (కొత్త టోకెన్ తెచ్చుకోవడం) తప్పదు. ఒక్కో రిఫ్రెష్ టోకెన్ ఒక్కసారికే చెల్లే యాప్‌లో రెండు వర్కర్లు ఒకే లాగిన్ ఫైల్‌ని పంచుకుంటే, ముందు వాడినది బతుకుతుంది, రెండోది బయటికి పోతుంది. ఒక్కోసారి రెండూ పోతాయి. ఇక్కడా వర్కర్‌కో యూజరే మందు.

సమస్య: 429, క్యాప్చా, ఎస్ఎంఎస్

429 అంటే తక్కువ సమయంలో మరీ ఎక్కువ రిక్వెస్టులు వచ్చాయని, ఇక్కడ చాలాసార్లు ఒకే ఐపీ నుంచి వచ్చే లాగిన్‌లే కారణం. లాగిన్ స్క్రీన్‌ని పరీక్షించే టెస్టులు మాత్రమే స్క్రీన్ ద్వారా వెళ్ళాలి, మిగతావి స్క్రీన్ లేకుండా నేరుగా సర్వర్ ఏపీఐతో లాగిన్ అవ్వాలి. క్యాప్చాని ఛేదించాలని చూడకండి, టెస్ట్ సర్వర్‌లో టెస్ట్ కీలు పెట్టండి. ఎస్ఎంఎస్ ఓటీపీకి నిజమైన మెసేజ్ పంపకండి. మన దేశంలో డీఎల్‌టీలో (టెలికాం సంస్థల మెసేజ్ నమోదు వేదికలో) నమోదైన టెంప్లేట్‌తో పొంతన కుదరకపోతే మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది, మీరేమో కోడ్‌లో తప్పు వెతుకుతుంటారు. టెస్ట్ సర్వర్‌లో స్థిరమైన ఓటీపీ పెట్టుకోండి. కానీ ఆ సెట్టింగ్ ప్రొడక్షన్‌లో ఆన్‌లో ఉంటే యాప్ స్టార్ట్ కాకుండా ఆగిపోయేలా చెక్ తప్పకుండా రాయండి.