స్వాతి కార్తెకు ముందే: ఎలుకల మీద చిగ్గర్ల సర్వేకి దిగే బృందాలకు జాగ్రత్తలు

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడగానే తడి నేల మీద పాకే ఎర్ర మఖమల్ పురుగు అందరికీ తెలుసు. అది ఎవరికీ హాని చేయదు. దాని దూరపు చుట్టం ఒకటుంది, అదే మూడు నాలుగు నెలల తర్వాత అవే గట్ల మీద జ్వరాలు పుట్టిస్తుంది. పేరు లెప్టోట్రాంబిడియం డెలియెన్స్. ఇదీ నల్లే. మంచంలో దూరే నల్లి కాదు, మిరపలో కింది ముడత తెచ్చే తెల్లనల్లి లాంటి నల్లి. పెద్దదయ్యాక మట్టిలోనే ఉండి చిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతుంది, మన జోలికి రాదు. గుడ్డులోంచి వచ్చిన ఆరుకాళ్ల పిల్ల మాత్రం జీవితంలో ఒకే ఒక్కసారి ఏదో ఒక జంతువు ఒంటిని పట్టుకుంటుంది. ఆ పిల్లే చిగ్గర్. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే ఓరియెన్షియా సుత్సుగముషి బ్యాక్టీరియా తల్లి నల్లి నుంచి గుడ్డుకీ, గుడ్డు నుంచి పిల్లకీ దిగుతుంది.

అంటే రోగం దాగి ఉండేది ప్రధానంగా నల్లిలోనే. ఎలుకలు, పందికొక్కులు, చుంచులు దానికి తిండి పెట్టి సంతతిని పెంచేవి. అయినా సర్వేలో వాటినే పట్టడానికి కారణం ఉంది. మట్టిలో చిగ్గర్‌ని వెతకడం చాలా కష్టం, ఎలుక రాత్రంతా పొదల్లో తిరిగి తెల్లారేసరికి చెవి నిండా పోగేసుకొస్తుంది.

ఇక్కడొక సంగతి బుర్రకెక్కించుకోవాలి. ఎలుక చెవికి అతుక్కున్న చిగ్గర్ మళ్లీ మనిషిని పట్టుకోవడం అరుదు, దాని భోజనం మొదలైపోయింది. మనల్ని పట్టుకునేది ఇంకా ఏమీ తినకుండా గడ్డిపోచ కింద, రాలిన ఆకుల మీద గుంపుగా కాచుకుని ఉన్నది. రెండు జతల తొడుగులు వేసుకుని ఎలుకని ఎంతో జాగ్రత్తగా పట్టుకున్న మనిషే, తర్వాత గట్టు మీద గడ్డిలో చతికిలబడి ఫారం నింపుతాడు. జ్వరం వచ్చేది అలాంటి చోటే.

ముందు కాగితాలు

అడవి ఎలుకే కదా, అనుమతి దేనికి అనుకోవద్దు. 2022 సవరణలో వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లు మారాయి. ఎలుకలు, కాకుల్లాంటి హానికర జంతువుల జాబితాగా ఉండే పాత ఐదో షెడ్యూలు ఇప్పుడు లేదు. అటవీ భూమిలో బోను పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. రక్తం తీయాలన్నా, మత్తివ్వాలన్నా సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదం ముందే ఉండాలి. వీటికి నెలలు పట్టవచ్చు కాబట్టి వానాకాలం మొదట్లోనే దరఖాస్తు పెట్టండి.

వ్యవసాయ శాఖని కూడా ఒక మాట అడగండి. ఖరీఫ్‌లో సామూహిక ఎలుకల నివారణ కింద బ్రోమాడయోలోన్ ఎర పెట్టిన ఊళ్లో ఆ తర్వాత కొన్ని వారాలు బోనులు ఖాళీగానే ఉంటాయి. ఆ ఖాళీని "ఇక్కడ ఎలుకలు లేవు" అని రాసుకుంటే సర్వే మొత్తం తప్పుదారి పడుతుంది.

ఎక్కడ, ఎప్పుడు

దక్షిణాదిలో స్క్రబ్ టైఫస్ కేసులు వానలు తగ్గి చలి మొదలయ్యే నెలల్లో ఎక్కువ. హస్త, చిత్త కార్తెలకల్లా సామాను సిద్ధమైతే స్వాతి, విశాఖల్లో పని జరుగుతుంది. చోటు ఎంపికలో అంచులు చూడండి: పొలం ఆగి సర్కారు తుమ్మ మొదలయ్యే చోటు, చెరువు గట్టు, బీడు పక్కన గడ్డివాము, పశువుల కొట్టం వెనక పెరిగిన కలుపు. శుభ్రంగా దున్నిన పొలం నడిమధ్య చిగ్గర్లు దొరకవు. ఇంటి చుట్టూ తిరిగే చుంచుని చిన్నచూపు చూడొద్దు. చీకట్లో కీచుమంటూ గోడవార పరుగెత్తే ఆ జంతువు నిజానికి ఎలుకే కాదు, అయినా తమిళనాడు సర్వేల్లో చిగ్గర్లు బాగా మోసిన వాటిలో అదొకటి.

ఒంటి మీద

ప్యాంటు సాక్సులోకి, సాక్సు మోకాలి కింద వరకు వచ్చే గమ్‌బూటులోకి, చొక్కా ప్యాంటులోకి. ఆ మూడు కలిసే చోట్లే చిగ్గర్ దూరుతుంది, బిగుతుగా ఉన్న నడుము పట్టీ దగ్గర ఆగి కొరుకుతుంది. 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుమందు బట్టలకి ముందురోజే కొట్టి ఆరబెట్టండి, ఒంటికి మాత్రం రాయకూడదు. బయటకి కనిపించే చర్మానికి డీట్ ఉన్న రిపెల్లెంట్ (పురుగులు దగ్గరకి రాకుండా చేసే మందు) రాయండి. చెమట పడితే పోతుంది కాబట్టి మళ్లీ రాసుకోవాలి.

కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు తీసుకెళ్లండి. చూడ్డానికి విడ్డూరంగా ఉంటుంది కానీ బూటు తర్వాత అంత పనికొచ్చే సామాను ఇంకోటి లేదు. టిఫిన్ డబ్బా, బ్యాగు, తువ్వాలు గడ్డి మీద పెట్టొద్దు. ఇంటికెళ్లాక ఉతికిన బట్టలు పొదల మీద ఆరేయొద్దు.

ఎలుకలు పట్టడంలో చేయి తిరిగిన యానాది కుటుంబాల సాయం చాలా బృందాలు తీసుకుంటాయి. బొరియ ఏది కొత్తది, ఏది పాతది అన్నది వాళ్లు చూసినంత సులువుగా ఇంకెవరూ చెప్పలేరు. బృందానికి బూట్లు కొని వాళ్లని వట్టికాళ్లతో గట్టు తవ్వమనడం మాత్రం తప్పు. బూటు, తొడుగు, జ్వరమొస్తే చూపించుకునే ఏర్పాటు అందరికీ ఒకటే. బొరియకి పొగ పెట్టొద్దు, చచ్చిన ఎలుక మనకి పనికిరాదు.

బోను

షెర్మన్ బోను అనే మడత రేకు పెట్టె పొడవు దాదాపు 23 సెంటీమీటర్లు. నల్ల ఎలుకకి, చుంచుకి, పొలం చిట్టెలుకకి సరిపోతుంది. పెద్ద పందికొక్కుకి తీగల బోను కావాలి. ఒకే బోనులో పదీ పదిహేను పడే పెద్ద పెట్టెలు కొందరికి ఇష్టం. ఈ సర్వేకి మాత్రం వద్దు. జంతువులు కొట్టుకుంటాయి, ఒకదాని చిగ్గర్లు ఇంకోదాని మీదకి పోతాయి, చివరికి ఏది ఎవరిదో తేలదు.

బోనుకీ బోనుకీ మధ్య 5 నుంచి 10 మీటర్లు, వరసకి 25 బోనులు. సూర్యాస్తమయానికి గంట ముందు పెట్టి తెల్లవారుజామునే తీయాలి. ఎండెక్కితే రేకు బోను పొయ్యి మీది పెనంలా కాలుతుంది, లోపలి జంతువు అరగంటలో పోతుంది. ఎర నల్ల ఎలుకకి కాల్చిన కొబ్బరి ముక్క లేదా వేరుశనగ ముద్ద, చుంచుకి ఎండుచేప. చుంచు రాత్రంతా తినకుండా ఉండలేదు, ఆకలితో చచ్చిపోతుంది. అందుకే ఎరతో పాటు గుప్పెడు తిండి, కాస్త దూది కూడా లోపల పెట్టండి. చీమలుంటే ఇవేవీ అక్కరకు రావు: రాత్రికి ఎర తినేసి, తర్వాత పడ్డ జంతువునీ కొరుకుతాయి. చీమల పుట్టకి దూరంగా బోను జరపడమే మందు. క్రిమిసంహారకం చల్లితే చిగ్గర్లు కూడా చస్తాయి.

చీకట్లో గట్ల మీద తిరిగేటప్పుడు రెండింటికి భయపడాలి. ఒకటి రక్తపింజర: ఎలుక ఉన్న చోటుకి అదీ వస్తుంది, బొరియలోకి చేయి పెట్టొద్దు. రెండోది అడవిపందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా వేసే కరెంటు తీగ. సాయంత్రం బోనులు పెట్టకముందే రైతుని అడిగి తెలుసుకోండి, ఒంటరిగా వెళ్లొద్దు.

చెవి దగ్గర పని

పడిన జంతువుని బోనులోంచి నేరుగా తెల్లటి గుడ్డ సంచిలోకి వదిలి మూతి కట్టండి. ఒక జంతువుకి ఒకే సంచి. ఖాళీ చేసిన సంచిని కూడా తెల్ల పళ్లెంలో దులపండి, రాలిపడ్డవి ఉంటాయి. పని చేసే చోటు ఆరుబయట నీడలో, బల్ల మీద ఉండాలి. మత్తుమందు ఐసోఫ్లురేన్‌లో తడిపిన దూదిని జాలీ కింద పెట్టండి. జంతువుకి తగిలితే చర్మం కాలుతుంది, ఇరుకు గదిలో చేస్తే మత్తు మనకీ ఎక్కుతుంది.

మత్తు పట్టగానే ముందు చెవి చూడాలి. రక్తం తర్వాత. భూతద్దం కింద చెవి డొప్ప లోపలి అంచున సన్నరవ్వ అంటించినట్టు నారింజ రంగు మచ్చ కనిపిస్తే అవి చిగ్గర్లు. కొత్తవాళ్లు దాన్ని గజ్జి అనుకుని వదిలేస్తారు. గజ్జిలో పొలుసు రేగుతుంది. చిగ్గర్ల గుంపు మాత్రం గింజలు గింజలుగా, పక్కపక్కనే ఉంటుంది. కళ్ల చుట్టూ, తోక మొదట్లో, మలద్వారం దగ్గర కూడా చూడండి.

పట్టకారుతో లాగొద్దు. మూతిభాగం చర్మంలోనే తెగి ఉండిపోతుంది, తర్వాత జాతి తేల్చడం కష్టం. ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి సూదిని పక్కనుంచి పోనిచ్చి గీరాలి. జాతి గుర్తించడానికి వీపు మీద ఉండే చిన్న పలక ముఖ్యం, అందుకే చిగ్గర్‌ని నలపకూడదు. మిగతా ఒళ్లంతా పేల దువ్వెనతో తెల్ల పళ్లెం మీద దువ్వండి. గోమార్లు, రెక్కల్లేకుండా దూకే ఎలుక ఫ్లీలు విడి సీసాల్లోకి వెళ్లాలి.

చచ్చిన జంతువు దొరికితే ఆలస్యం చేయొద్దు. ఒళ్లు చల్లబడగానే పురుగులు దిగిపోతాయి. గంట తర్వాత చూసిన చెవిలో చిగ్గర్లు లేకపోతే అది ఫలితం కాదు.

జాతి గుర్తింపుకి 70 శాతం ఆల్కహాల్, పీసీఆర్ అనే జన్యు పరీక్షకి 95 శాతం పైన ఉన్నది. చేతికి రాసే శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. పెన్ను రాత ఆల్కహాల్‌లో కరిగి, వారం తర్వాత చూస్తే తెల్ల కాగితమే మిగులుతుంది.

రక్తం 100 గ్రాముల జంతువుకి అర మిల్లీలీటరుకి మించొద్దు. సీరం వేరు చేసి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టండి. ఎలుక రక్తంలో యాంటీబాడీలు ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు తగిలిందని అర్థం, ఈ వారం ఊరికి ప్రమాదం ఉందని కాదు. ఈ వారం సంగతి చెప్పేది చెవే.

లెక్క

ఉదాహరణకి 50 బోనులు, 3 రాత్రులు: 150 బోను-రాత్రులు. ఏమీ పడకుండానే మూసుకున్నవి 10 ఉంటే ఒక్కోదానికి అర రాత్రి తీసేయండి, 145 మిగులుతాయి. 18 జంతువులు పడితే పట్టుబడి శాతం 12.4. వాటిలో 11 జంతువుల మీద 236 చిగ్గర్లు దొరికాయనుకుందాం. చిగ్గర్ సూచిక అంటే 236ని 18తో భాగించడం, 13.1 వస్తుంది. చాలామంది చిగ్గర్లున్న 11తోనే భాగించి 21.5 రాస్తారు. అది వేరే కొలత. ఒక ఏడాది అలా, ఇంకో ఏడాది ఇలా చేస్తే ఊళ్లో నల్లులు బాగా తగ్గిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది.

ఇంకో మెట్టు ఉంది. చిగ్గర్లలో అన్ని జాతులూ రోగం మోయవు. 40 తీసి స్లైడు చేస్తే 12 డెలియెన్స్ అయితే, ఆ లెక్కన మొత్తం 236లో దాదాపు 71 ఆ జాతివి. 18తో భాగిస్తే 3.9. ప్రమాదపు గీతగా వాడే 0.69 ఈ జాతికి సంబంధించిన అంకె. అన్ని జాతులనీ కలిపిన 13.1ని దాని పక్కన పెడితే ఊరికే గాభరా పెట్టినట్టవుతుంది. చిగ్గర్లన్నీ పీసీఆర్‌కి పంపేసి స్లైడుకి ఒక్కటీ మిగల్చని బృందాలకి ఈ లెక్క కుదరదు.

ఎలుకలు దొరకని చోట నల్ల పలక పద్ధతి ఉంది. అడుగు చదరపు నల్ల రేకుని గడ్డి అంచున నేల మీద ఆనించి కొన్ని నిమిషాలు ఆగితే చిగ్గర్లు పైకెక్కి లేత చుక్కల్లా కదులుతాయి. ఎక్కడెక్కడ గుంపులున్నాయో తెలుస్తుంది.

సూచిక ఎక్కువొచ్చిందని ఊరంతా ఎలుకమందు పెట్టమని మాత్రం చెప్పొద్దు. ఎలుకలు పోతే ఆకలితో కాచుకున్న చిగ్గర్లకి మిగిలేది మనుషులే. ముందు ఇళ్ల చుట్టూ గడ్డి, పొదలు కొట్టించి ఎండ తగలనివ్వాలి.

సర్వే ఆపేయాల్సిన సమయం

ఇళ్లలో ఎలుకలు వరసగా రాలిపోతుంటే అది ప్లేగు కావచ్చు, అక్కడ బోను పెట్టొద్దు, చచ్చినదాన్ని ముట్టొద్దు. జిల్లా నిఘా అధికారికి వెంటనే చెప్పండి. చిత్తూరు, కోలార్, కృష్ణగిరి కలిసే ప్రాంతం పాత ప్లేగు చోటు, బెంగళూరులోని ప్లేగు నిఘా కేంద్రం దాన్ని ఇప్పటికీ చూస్తూనే ఉంది.

జ్వరం వస్తే

ప్రతి సాయంత్రం సబ్బుతో రుద్ది స్నానం చేసి చంకలు, గజ్జలు, నడుము పట్టీ చోటు, మోకాలి వెనక చూసుకోండి. ఆఖరి రోజు తర్వాత 21 రోజులు జ్వరం రాసుకోవాలి. చిగ్గర్ కొరికిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు కనిపిస్తాయి, నొప్పి ఉండదు. అందుకే చాలామంది గమనించరు. అందరికీ రాదు కూడా.

డాక్టరు దగ్గర మొదటి మాటే "ఎలుకల సర్వేలో పని చేశాను" అని ఉండాలి. లేకపోతే డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు అయ్యేసరికి వారం పోతుంది. ఆ వారం ఇచ్చే పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ రకం మందులు దీని మీద పని చేయవు. ఐజీఎం ఎలైసా అనే రక్తపరీక్ష తొలి రోజుల్లో నెగెటివ్ రావచ్చు, అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగరు. పెద్దలకి సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, గర్భిణులకి అజిత్రోమైసిన్ ఇస్తారు. రెండు రోజుల్లో జ్వరం దిగడం మామూలు. దిగకపోయినా, ఆయాసం, మగత కనిపించినా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

సర్వే తేదీలు, ఊరి పేరు, "స్క్రబ్ టైఫస్ అనుమానించండి" అన్న వాక్యం రాసిన చీటీ ఒకటి బృందంలో ప్రతి ఒక్కరి జేబులో ఉంచండి. బోనులు మోసిన డ్రైవరుకీ, గట్టు చూపించిన రైతుకీ కూడా.