చూపులేని కుక్కతో కాపురం – పాఠం 3: మెట్లు

పోయిన పాఠంలో ఇల్లు అలవాటు చేశాం. నీళ్ల గిన్నె, పడక ఎక్కడివక్కడే ఉంచమన్నాను. ఈసారి మెట్లు. తిరుపతిలో చాలామందిమి మిద్దె మీది పోర్షన్లలోనే ఉంటాం కాబట్టి దీన్ని వాయిదా వేయలేం.

ముందు ఒక మాట. కన్ను ఎర్రబడినా, ఉబ్బినట్టు కనిపించినా, కుక్క ముఖాన్ని నేలకేసి రుద్దుతున్నా పాఠం ఆపేయండి. కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పి పెడుతూ ఉండొచ్చు. అదే రోజు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి.

కావలసిన మాటలు మూడే: "మెట్టు", "దిగు", "ఆగు". ఇంట్లో అందరూ ఇవే అనాలి. నాన్న "స్టెప్" అని, పిల్లలు "అప్ అప్" అని, అవ్వ "రా నాయనా, పైకి రా" అని పిలిస్తే దానికి ఏదీ తలకెక్కదు. అవ్వను మార్చడం కష్టమే, తెలుసు. అయినా చెప్పి చూడండి.

మాట ఎప్పుడు అనాలన్నదే అసలు పాఠం. చాలామంది కుక్క మెట్టుకు కొట్టుకున్నాక "మెట్టు" అంటారు. అప్పుడు ఆ మాట వింటేనే దానికి దెబ్బ గుర్తొస్తుంది. ఇంకా ఒక అడుగు దూరం ఉండగానే "మెట్టు" అనండి. ఆగాక, చేత్తో ఆ మెట్టు మీద తట్టండి. చప్పుడు వచ్చిన వైపు ముక్కు చాపుతుంది. అక్కడ ఉడికించిన చికెన్ ముక్క చిన్నది పెట్టండి. ముందుకాళ్లు రెండూ పైకి వస్తే ఆ పూటకు చాలు. ముద్దొచ్చింది కదా అని కొండ లడ్డు మాత్రం పెట్టకండి. అందులోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది.

దిగడం ఇంకా కష్టం. ఎక్కేటప్పుడు మెట్టు ముక్కుకో మీసాలకో తగులుతుంది, దిగేటప్పుడు ముందంతా ఖాళీ. అందుకే పైనుంచి మొదలుపెట్టొద్దు. అన్నిటికంటే కింది మెట్టు మీద నిలబెట్టి, "దిగు" అని ఒక్కటే దిగనివ్వండి. అది తడబడకుండా వచ్చాకే రెండో మెట్టు, ఆ తర్వాత మూడోది. మీరు దానికంటే ఒక మెట్టు కింద, పిట్టగోడ లేని వైపున ఉండండి. పాత ఇళ్లలో అలాంటి మెట్లే ఎక్కువ. మీరు దగ్గర లేనప్పుడు పైన అడ్డంగా చిన్న గేటో పలకో ఉండాల్సిందే.

మెట్ల పైనా కిందా గోనెపట్ట జారకుండా అతికించండి. కాలికి గరుకు తగలగానే మెట్లు వచ్చాయని దానికి తెలుస్తుంది. వాసన గుర్తు కోసం కర్పూరం, కలరా ఉండలు పెట్టొద్దు. రెండూ కుక్కలకు విషమే.

మే నెలలో గంగ జాతర డప్పులు మోగే వారం కొత్త మెట్టు నేర్పకండి. ఆ హోరులో మీ మాట దానికి వినపడదు, టెన్షన్ పడుతుంది. వచ్చిన మెట్లనే చేయించండి.

మీరు పిలిచినా, పిల్లలు పిలిచినా ఒకేలా ఎక్కి దిగుతుంటే వచ్చే పాఠానికి సిద్ధమైనట్టే. అది వీధి నడక. ఈలోపు ఒంటికి తొడిగే హార్నెస్ కొనిపెట్టుకోండి. మెడ బెల్టు లాగితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.